ఏడాది రీచార్జి

ఆ ఆదివారం చర్చిలో ప్రభు బల్ల, రొట్టె ద్రాక్షరసం పంచే ఆదివారం. భార్య వనజ పోయాక వరప్రసాదు ఒక్క బల్ల కూడా తప్పలేదు. అయినా ఆ ఉదయం చర్చి గంట వినిపిస్తుండగానే కాశీబుగ్గలో టెక్కలి బస్సెక్కేశాడు. కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ అవతలి వరస మీద పడుతోంది. ఇదొకటి బాగుందనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇలాంటి చిన్న చిన్న దయలని గమనించుకుంటూ ఉండకపోతే, ఈ రెండేళ్ళూ ఎలా గడిచేవో అతనికే తెలియదు.

టెక్కలిలో ఒక కల్యాణమండపంలో టాక్స్ ప్రాక్టీషనర్ల సంఘం వాళ్ళు సదస్సు పెట్టారు. లెక్కలు రాసేవాళ్ళూ, జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్ళూ ఒకచోట చేరి కొత్త రూల్సు నేర్చుకోవాలి, ఒకళ్ళతో ఒకళ్ళు పరిచయాలు పెంచుకోవాలి. ఏటా ఇలాంటిది ఒకటి ఉంటుంది. వరప్రసాదు ఎప్పుడూ వెళ్ళలేదు. పలాసలో ముప్ఫై ఏళ్ళుగా జీడిపప్పు వ్యాపారుల లెక్కలు చూస్తున్న తనకి కొత్తగా పరిచయాలేమిటని అనుకునేవాడు. ఈసారి వెళ్తున్నది ఒక్క ప్రశ్న అడగడానికి. వాట్సాప్‌లో వచ్చిన రంగురంగుల ఆహ్వానం అడుగున, సందేహాలకు జవాబులు చెప్పడానికి పన్నుల శాఖలో పెద్ద హోదాలో చేసి రిటైరైన ఒకాయన వస్తున్నారని ఉంది. ఆ ప్రశ్న బొడ్డమ్మది.

బొడ్డమ్మ ముందురోజు సాయంత్రం అతని ఆఫీసుకి వచ్చింది. ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వెళ్ళే దారిలో ఆమెకి చిన్న జీడి షెడ్డు ఉంది. మొగుడు పోయాక ఊళ్ళో ఆడవాళ్ళని పోగేసి తనే నడుపుతోంది. వచ్చినప్పుడల్లా కుర్చీ ఉన్నా గుమ్మం పక్కనే నిలబడుతుంది.

“ఆడిటరు బాబూ, బరంపురమోలు సోమారం పొద్దున్న దాకే సూత్తారట. మన జీఎస్టీ నంబరు మళ్ళీ బతికితే సరుకు పంపమన్నారు. నేకపోతే వేరేవోళ్ళ కాడ తీసుకుంటారట.”

“రేపు టెక్కలి వెళ్తున్నానమ్మా. అక్కడ ఒక పెద్దాయన వస్తున్నారు. అడుగుతాను.”

“అడగండి. రేపు సాయంత్రం మా కామాక్షమ్మ అడుగుతాది కదా నన్ను, రేపటికి ఉడకెయ్యమా అని. దానికేటో ఒకటి సెప్పాల.”

జీడిపిక్కల్ని ముందురోజు సాయంత్రమే ఆవిరి మీద ఉడకబెట్టి, తెల్లవార్లూ ఆరనిస్తేనే పొద్దున్న పెంకు కొట్టడానికి లొంగుతాయి. అందుకే ఉద్దానంలో ప్రతి జీడి షెడ్డులోనూ పొద్దు వాలేసరికి ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. దానికి జవాబు అవునంటే రేపు పని ఉన్నట్టు. కాదంటే లేనట్టు.

బొడ్డమ్మ జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దయిపోయింది. పప్పు ఒడిశాకి, రాష్ట్రం దాటించి అమ్మాలంటే అది ఉండి తీరాలి. కొత్తది ఇమ్మని వరప్రసాదు దరఖాస్తు పెడితే, పాతది సరిచేసుకోకుండా కొత్తదేమిటని తిప్పికొట్టారు. పోనీ ఇక్కడే అమ్ముకుందామంటే పెద్ద ఫ్యాక్టరీల వాళ్ళు చెప్పిన ధరకి ఇవ్వాలి, ఆ ధరకి ఆడవాళ్ళ కూలీ కూడా రాదు. ఇదంతా బొడ్డమ్మ చేసిన పాపం కాదు. వరప్రసాదుది.

అతను చేసింది ఆ చుట్టుపక్కల అందరూ చేసేదే. పల్లెటూరి చిన్న వ్యాపారికి ఫోన్‌లో మెసేజీ చూసి ఓటీపీ చెప్పడం చేతకాదు. పనిలో ఉండి ఫోనెత్తరు. అందుకని రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు వాళ్ళ నంబరు ఉండాల్సిన చోట ఆడిటరు తన నంబరే ఇచ్చేస్తాడు. నోటీసులూ, ఓటీపీలూ అతనికే వస్తాయి, పని చకచకా అయిపోతుంది. అయితే ఒక నంబరు మీద కొన్నింటికి మించి ఒప్పుకోరు. తన నంబరు నిండిపోయాక కొందరు తమ్ముడిది ఇస్తారు, కొందరు బావమరిదిది ఇస్తారు. వరప్రసాదు వనజది ఇచ్చాడు. వనజ మిషన్ స్కూల్లో టీచరు. పాఠం మధ్యలో ఫోన్ మోగితే వరండాలోకి వచ్చి అంకెలు చదివి, “ఇది బొడ్డమ్మదేనా? ఆవిడ పప్పు బాగుంటుందండీ, ఈసారి తెమ్మనండి” అనేది.

తర్వాత వనజకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేని జబ్బు అది. వారంలో కొన్ని పూటలు డయాలసిస్ మంచం మీదే గడిచేవి. ఆ మంచం మీద నుంచే ఆ ఏడు దసరా సెలవుల్లో ఒకరోజు, “నెలనెలా ఏం గుర్తుంటుందండీ, నా ఫోన్ రీచార్జి ఒకేసారి ఏడాదికి వేయించెయ్యండి” అంది. అతను వేయించాడు. ఆ మాట అతనికి ఎంతో ఇష్టమైన మాట. బతుకుతాననుకునే కదా ఏడాదికి అడిగింది. జనవరిలో పోయింది.

సమాధి కార్యక్రమం అయిన రోజు వరప్రసాదు ఆమె ఫోన్ కట్టేసి, బీరువాలో ఆమె బైబిల్ పక్కన పెట్టాడు. తన నంబరు మీద ఉన్నవాళ్ళ రిటర్నులన్నీ వేళకి వేశాడు. వనజ నంబరు మీద ఉన్నవి వెయ్యాలంటే ఆ ఫోన్ తెరవాలి, ఓటీపీ రావాలి, అది మోగాలి. బీరువా దాకా వెళ్ళేవాడు. తలుపు మీద చెయ్యి వేసి వెనక్కి వచ్చేసేవాడు. వచ్చే నెల చూద్దాం అనుకునేవాడు. మిగతావాళ్ళు విసిగిపోయి వేరే ఆడిటర్లని చూసుకున్నారు. బొడ్డమ్మ మాత్రం, “టీచరమ్మ పోయిన దుక్కంలో ఉన్నారు, నెమ్మదిగా సేత్తార్లే” అని ఊరుకుంది. రిటర్నులు వెయ్యలేదని ఆగస్టులో వనజ నంబరుకి నోటీసు వెళ్ళింది. సెప్టెంబరులో రద్దయింది. ఆ మరుసటేడు దసరాకి బరంపురం వ్యాపారి లెక్కల్లో అది బయటపడి, ఆమె పరిగెత్తుకు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఆ రోజే అతను బీరువా తెరిచాడు. ఫోన్ ఉబ్బిపోయి ఉంది. సిమ్ము తీసి తన ఫోన్‌లో వేస్తే సిగ్నలు లేదు.

అతనికి మిగిలిన ఆశ ఒక్కటే. రీచార్జి లేని నంబరు మూడు నెలలకి పోతుందని అందరూ అంటారు. అంటే నోటీసు వెళ్ళేనాటికే ఆ నంబరు పోయి ఉండాలి. లేని నంబరుకి పంపిన నోటీసు అందినట్టెలా అవుతుంది?

మండపం గుమ్మంలో సంఘం కార్యదర్శి శ్రీకాంత్ నిలబడి ఉన్నాడు. వరప్రసాదుది అతనిదీ ఒకే వీధి, చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్ళు.

“ఏటి బావా! నువ్వు సదస్సుకి రావడమేటి? వాన పడతాది ఇవాళ,” అని, మెడలో పేరున్న బిళ్ళ తగిలించి, చేతిలో సంచీ పెట్టాడు. సంచీలో పెన్ను, పుస్తకం, ఎవరిదో సాఫ్ట్‌వేరు కంపెనీ కీచైను. “టిఫిన్ ఉంది, ముందు తిను. పెసరట్టు అయిపోకముందే వెళ్ళు.”

“ప్రశ్నలు ఎప్పుడు?”

“లంచ్ ముందు. చీటీ రాసియ్యి. పేరు రాయకు. ఇక్కడ ఎవడూ రాయడు. ‘మా ఫ్రెండు క్లయింటుకి ఇలా అయింది’ అని రాస్తారు. జిల్లాలో తప్పులన్నీ మా ఫ్రెండ్లే సేత్తారు బావా, మేం కాదు.”

వరప్రసాదు నవ్వాడు. ఆ రోజు అతను నవ్వింది ఆ ఒక్కసారే.

మొదట కొత్త రూల్స్ గురించి ఒకాయన తెర మీద అక్షరాలు చూపిస్తూ గంటసేపు మాట్లాడాడు. తర్వాత విశాఖ నుంచి వచ్చిన ట్రైనరు కుర్రాడు మైకు తీసుకుని, అందర్నీ రెండు గుండ్రాలుగా నిలబడమన్నాడు. లోపలి గుండ్రం వాళ్ళు బయటి గుండ్రం వాళ్ళకి ఎదురుగా నిలబడి తమ బలం ఏమిటో చెప్పుకోవాలి, కార్డులు మార్చుకోవాలి. గంట కొట్టగానే ఒక అడుగు జరగాలి. పొట్టలున్న పెద్ద పెద్ద ఆడిటర్లు పెళ్ళిలో ఆటలాడుతున్నట్టు ఇబ్బందిగా నవ్వుకుంటూ జరుగుతున్నారు.

వరప్రసాదుకి ఎదురుగా ఒకమ్మాయి వచ్చింది. మెడలో బిళ్ళ మీద సంజన అని ఉంది.

“సార్, నేను సీఏ పాసై ఈ మధ్యనే టెక్కల్లో ఆఫీసు పెట్టాను. నా బలం...” ఆగిపోయింది. “నిజం చెప్పాలంటే సార్, నాకింకా క్లయింట్లే పెద్దగా లేరు.”

“నాకూ తగ్గిపోయారమ్మా.”

“మీ బలం ఏంటి సార్?”

అతను ఆలోచించాడు. ఒకప్పుడైతే వేళ తప్పనని చెప్పేవాడు. గంట కొట్టారు. సంజన తన కార్డు అతని చేతిలో పెట్టి పక్కకి జరిగింది.

ప్రశ్నల వేళకి అతని చీటీ నాలుగోదో ఐదోదో అయింది. పేరు రాయలేదు. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు. “క్లయింటు నంబరు బదులు ప్రాక్టీషనరు ఇంటివాళ్ళ నంబరు ఇచ్చారు. ఆ మనిషి చనిపోయారు. తర్వాత నోటీసు వచ్చింది, రద్దయింది, గడువులన్నీ దాటిపోయాయి. దారి ఉందా?” చీటీ బల్ల మీద పెట్టి సభలోకి చూశాడు. “ఇది ఎవరిది?”

ఒకరిద్దరు ఫోన్లు చూసుకోసాగారు.

“ఫ్రెండుది అని చెప్పకండి. దారి లేకపోలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నవాడు నా దగ్గర పనిచేసినవాడే, నేను ఒక మాట చెప్తే వింటాడు. కానీ ఎవరి కోసం చెప్పాలో తెలియాలి కదా.”

వరప్రసాదు లేచాడు. వెనక నుంచి శ్రీకాంత్ చొక్కా పట్టుకుని లాగాడు. “కూకో బావా. నీ ఒక్కడితో పోదు. రేపు అందరి నంబర్లూ తవ్వుతారు.”

“నాదేనండి,” అన్నాడు వరప్రసాదు. “పలాస. మా ఆవిడ నంబరు ఇచ్చాను.”

మండపం అంతా ఒక్కసారి గుసగుసలాడింది. వాళ్ళలో సగం మంది జేబుల్లో అలాంటి నంబర్లే ఉన్నాయి. ఎదుటి వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, “ఇలాంటివి సభలో చెప్పుకునేవా అండీ?” అన్నాడు. ఇంకెవరో, “పలాస వాళ్ళకి ఏం తెలుసు” అన్నారు. వరప్రసాదు కూర్చోలేదు. పక్క వరస నుంచి ఒక చెయ్యి నీళ్ళ సీసా అందించింది. సంజనది.

పెద్దాయన మాత్రం కోప్పడలేదు. “చేసింది తప్పని మీకు తెలుసు, ఆ సంగతి వదిలెయ్యండి. ఒక్కటి చెప్పండి. నోటీసు వెళ్ళిన రోజుకి ఆ నంబరు పనిచేస్తోందా, పోయిందా? పోయిందని ఫోన్ కంపెనీ కాగితం ఇస్తే, ఆమెకి నోటీసు అందలేదని మేం అనొచ్చు. అప్పుడు మళ్ళీ తెరవడానికి వీలుంటుంది. నేను మూడింటి దాకా ఇక్కడే ఉంటాను. కనుక్కుని రండి.”

కనుక్కోవాలంటే ఆదివారం ఏ కంపెనీ ఆఫీసూ ఉండదు. వరప్రసాదు బయటికి వచ్చి మండపం వెనక మెట్ల దగ్గర నిలబడ్డాడు. వంటవాళ్ళు గిన్నెలు కడుగుతున్నారు. ఆ నంబరు ఇప్పుడు ఎవరికైనా ఇచ్చి ఉంటే, ఎప్పుడిచ్చారో అడిగితే లెక్క తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ అతను ఆ పని ఎందుకు చెయ్యలేదో అతనికి తెలుసు. ఆ నంబరులో వేరే గొంతు పలకనంత కాలం అది వనజదే.

ఫోన్‌లో ఆమె పేరు నొక్కాడు. తెర మీద ఫొటో వచ్చింది. బారువ ఒడ్డున తీసింది, గాలికి కొంగు ఎగిరి సగం మొహం కనబడదు. మోగుతోంది. అతను మెట్టు మీద కూర్చున్నాడు.

“అలో, ఎవులు?”

ఆడగొంతు. వెనక టీవీ మోత. ఆమె ఎవరినో ఒడియాలో కసిరింది, మోత తగ్గింది.

“అమ్మా, నా పేరు వరప్రసాదు. పలాస నుంచి. ఈ నంబరు ఇంతకుముందు మా ఆవిడది.”

అవతల టీవీ పూర్తిగా కట్టేసినట్టున్నారు. “టీచరమ్మ గారా?”

“మీకెలా తెలుసు?”

“ఎలగ తెలకపోతాది బాబూ! సిమ్ము తీసుకున్న కాణ్ణించి ఆమె కోసమే పోన్లు. నా పేరు అమ్ములు, మాది ఇచ్ఛాపురం. బట్టలు కుడతాను. మొదట్లో రాంగు నంబరని పెట్టీసీదాన్ని. పోయిన క్రిస్మస్‌కి పిల్లలు ఒకటే పోన్లు, హేపీ క్రిస్మస్ టీచర్ అని. ఎక్కడెక్కడో ఉన్నట్టున్నారు, ఆమె పోనట్టు తెలీదు కావాల. ఒక పిల్లడు అలో అనకముందే ‘టీచర్, నాకు ఉజ్జోగం వచ్చీసింది’ అని ఏడుపు. నాకేటనాలో తెలీనేదు. ‘మంచిది నాన్నా, బాగుండు’ అనీసినాను. తప్పు సేసినానా బాబూ?”

“లేదమ్మా,” అన్నాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. గిన్నెలు కడుగుతున్న ఆమె తలెత్తి చూసి, మర్యాదగా అటు తిరిగి కూర్చుంది.

“ఒక సాయం కావాలమ్మా. ఈ నంబరు ఎప్పుడు తీసుకున్నారు?”

“పోయిన సమ్మచ్చరం, మామిడికాయల రోజుల్లో. అంతకుముందే ఖాళీ అయినాదని షాపు శ్రీను సెప్పినాడు.”

వరప్రసాదు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. వనజ పోయిన ఏడు వేసవికే ఖాళీ అయి ఉంటే, మరుసటి వేసవి దాకా కంపెనీ ఎందుకు అట్టే పెడుతుంది? మధ్యలో ఏడాది మిగిలిపోతోంది.

“నెల నెలా వేయిస్తారా అమ్మా?” అని ఎందుకు అడిగాడో అతనికే తెలియదు.

“నేదు బాబూ. నెలనెలా ఏటి గుర్తుంటాది? ఒక్కపాలే ఏడాదికి వేయించీసినాను.”

వరప్రసాదుకి డయాలసిస్ మంచం కనబడింది. దసరా సెలవులు. తెల్లటి దుప్పటి మీద వనజ చెయ్యి. ఏడాదికి వేయించెయ్యండి. దసరా నుంచి దసరా. అంటే ఆగస్టులో, నోటీసు వెళ్ళినప్పుడు, ఆ నంబరు బతికే ఉంది. బీరువాలో, బైబిల్ పక్కన, అతను కట్టేసిన ఫోన్‌కి వచ్చింది అది. రెండేళ్ళుగా ఆ మాటని ఎన్నిసార్లు తలుచుకున్నాడో. ఎన్నిసార్లు దాన్నే పట్టుకుని నిద్రపోయాడో. ఒక్కసారి కూడా దాన్ని నోటీసు తేదీతో కలిపి చూడలేదు.

“బాబూ? ఉన్నారా? మీకేదో పని ఉన్నట్టున్నాది. నానేటైనా సెయ్యాలా?”

“అక్కర్లేదమ్మా. ఉంటాను.”

భోజనాల దగ్గర పెద్దాయన పెరుగన్నం తింటున్నాడు. శ్రీకాంత్ వడ్డిస్తున్నాడు.

“ఏమైంది?”

“నంబరు ఉందండి. ఆ ఏడు అక్టోబరు దాకా ఉంది. ఏడాదికి రీచార్జి చేయించాం.”

పెద్దాయన చెయ్యి ఆగింది. “అయితే నోటీసు అందినట్టే.”

“అందినట్టేనండి.”

శ్రీకాంత్ గరిటె పట్టుకుని పక్కకి వంగాడు. “మూడు నెలలకే పోనాదని రాసీ బావా. ఎవుడు సూత్తాడు?”

“కాగితం కంపెనీ వాళ్ళిస్తారు శ్రీకాంత్. నేను కాదు.”

అది అన్నాక అతనికి ఒక సంగతి తెలిసింది. ఆ కాగితం తన చేతిలో ఉండుంటే రాసేసేవాడు. బొడ్డమ్మ కోసం రాసేసేవాడు. వనజ అడిగిన ఏడాదిని మూడు నెలలు చేసేసి సంతకం పెట్టేసేవాడు. దేవుడు తనని ఆ పాపం నుంచి తప్పించాడనుకోవడానికి అతనికి మనసు రాలేదు.

“హైకోర్టుకి వెళ్ళొచ్చు,” అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. “ఒక్కోసారి ఇస్తారు. నెలలు పడుతుంది. ఆవిడకి ఎప్పటికి కావాలి?”

“రేపు పొద్దున్నకి.”

పెద్దాయన పక్కన ఉన్న ఖాళీ విస్తరి ముందు కుర్చీ చూపించి, “కూర్చోండి. కాస్త తినండి,” అన్నాడు. తాలింపులోని ఇంగువ వాసనకి వరప్రసాదుకి పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది. కూర్చుని తిన్నాడు. ఎలా తిన్నాడో తెలియదు.

వెళ్ళిపోతుంటే గేటు దగ్గర సంజన పరిగెత్తుకు వచ్చింది. అటూ ఇటూ చూసి, “సార్, నేను చేసిన రెండు రిజిస్ట్రేషన్లకి మా అమ్మ నంబరు ఇచ్చాను,” అంది.

“అమ్మ బాగున్నారా?”

“బాగుంది సార్.”

“రేపే మార్చెయ్యమ్మా. బాగుండగానే మార్చెయ్.”

టెక్కలి నుంచి కాశీబుగ్గ, అక్కడి నుంచి షేరాటో. ఉద్దానం చేరేసరికి పొద్దు వాలిపోతోంది. జీడితోటల మధ్య ఇసుక దారి. తన ఇంటికి పోకుండా తిన్నగా షెడ్డుకే వచ్చాడు. ఆడవాళ్ళు చేతులకి ఆముదం రాసుకుని, జీడి రసం మరకలు తోముకుంటున్నారు. మూల ఉడకబెట్టే డ్రమ్ములో నీళ్ళు పోసి ఉన్నాయి. పక్కన పిక్కల బస్తాలు. ఇంకా మంట పెట్టలేదు.

బొడ్డమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసి, టీ తెచ్చి ఇచ్చింది. ఏమైందని అడగలేదు. “మద్దేనం తిన్నారా బాబూ?” అంది.

“తిన్నాను.”

“భుజాన ఆ సంచి ఏటి?”

“సదస్సులో ఇచ్చారు.”

“బాగున్నాది. గట్టిగా ఉన్నాది.”

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రావడంలేదు. ఎక్కడ మొదలెట్టాలి, పెద్దాయన దగ్గరా, ఇచ్ఛాపురం దగ్గరా, బీరువా దగ్గరా? టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఎదురుగా గోనె మీద కూర్చుని ఎదురుచూస్తోంది. తొందరపెట్టడంలేదు. అది మరీ కష్టంగా ఉంది.

జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే తెర మీద బారువ ఒడ్డు, ఎగిరిన కొంగు.

“ఓలమ్మా!” బొడ్డమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. “టీచరమ్మ పోన్ సేత్తన్నాది!”

అతను ఎత్తాడు. షెడ్డంతా వినబడేంత గట్టి గొంతు.

“బాబూ, అమ్ముల్ని. మద్దేనం మీరు అలగ పెట్టీసినారు. మనసు ఒప్పక సేసినాను. మీ పని అయినాదా?”

“లేదమ్మా,” అన్నాడు వరప్రసాదు. “అవలేదు. ఇక అవదు.”

అమ్ములు అయ్యో అంది. ఇంకేదో అంది. అతను వినలేదు. ఫోన్ దించి చూసేసరికి బొడ్డమ్మ కళ్ళు అతని మీదే ఉన్నాయి. చెప్పాల్సినది వేరేవాళ్ళకి చెప్పేశాడు, ఆమె వినేసింది.

ఆ నంబరు ఇప్పుడు ఎవరిదో, అది ఎన్నాళ్ళు బతికిందో, నోటీసు ఏ బీరువాలోకి వచ్చిందో అప్పుడు చెప్పాడు. ఏదీ దాచలేదు. బొడ్డమ్మ కాలి దగ్గర పడున్న జీడిపెంకుని అటూ ఇటూ తిప్పుతూ వింది.

“మా ఆయన సెప్పులు ఇప్పటికీ గుమ్మం కాడే ఉన్నాయి బాబూ,” అంది. “ఎవులైనా జరిపితే తిట్టీస్తాను.”

వరప్రసాదు తలెత్తాడు.

“అయితే సెప్పుల్లోకి నోటీసులు రావు కదా బాబూ.”

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది.

కామాక్షమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. జరిగిందేదీ ఆమెకి తెలియదు. “వదినా, రేపటికి ఉడకెయ్యమా? సీకటి పడిపోతంది.”

బొడ్డమ్మ డ్రమ్ము వైపు చూసింది. బస్తాల వైపు చూసింది.

“ఒద్దులే,” అంది. “ఆ నీళ్ళు పారబోసీ.”

“మరి ఎల్లుండికా?”

“సెప్తాన్లే.”

కామాక్షమ్మ డ్రమ్ము వంచింది. నీళ్ళు గుమ్మం దాటి ఇసుకలోకి పారాయి. ఉద్దానం ఇసుక, ఎంత పోసినా తాగేస్తుంది. కాసేపటికి చెమ్మ మాత్రమే మిగిలింది.

ఆడవాళ్ళు టిఫిన్ గిన్నెలు సర్దుకుని, కొంగులు దులుపుకుని ఒక్కొక్కళ్ళే బయల్దేరారు. పోతూ పోతూ రోజూ అన్నట్టే అన్నారు.

“ఎల్లొస్తాం వదినా. పొద్దున్నే వస్తాం.”

బొడ్డమ్మ గోనె మీద నుంచి లేవకుండానే, “అలగే,” అంది.